డాబా మీది తొట్టిలో గుర్రపుడెక్క పెంచొచ్చా?

నాగోలు మిద్దెతోట:
రెండేళ్లుగా డాబా మీద సిమెంటు తొట్టిలో గుర్రపుడెక్క పెంచుతున్నాను. లేత ఊదా పూలు, పై రేకు మీద నెమలికన్ను లాంటి పసుపు మచ్చ. ఫొటో పెడితే ఒకాయన "చెరువుల్ని చంపే మొక్కను ఇంట్లో పెడతారా" అని కోప్పడ్డారు. మా తొట్టికీ చెరువుకీ సంబంధం ఏమిటి?

కలువల తొట్టి:
సంబంధం ఉందక్కా. నేనూ మీలాగే అనుకున్నాను. 2020 అక్టోబరు వానలకు మా టబ్బు పొంగింది. తెల్లారి చూస్తే నీళ్లు పోయే గొట్టం జాలీలో నాలుగు పిల్లమొక్కలు ఇరుక్కుని ఉన్నాయి. కాడలు బుడగల్లా ఉబ్బి, వేళ్లు తడి జుట్టులా వేలాడుతూ. జాలీ లేకపోతే అవి నాలాలోకి, అక్కణ్నుంచి మూసీలోకి పోయేవే. ఆ వారమే మొత్తం తీసేశాను.

అమెజాన్ ప్రాంతపు మొక్క ఇది. మన దేశానికి కూడా పువ్వు బాగుందనే తెచ్చారు. చివరికి బెంగాల్లో కాలువలన్నీ కమ్మేసి పడవలు కదలకపోతే, దాన్ని తీయించడానికి 1936లో చట్టమే చేయాల్సి వచ్చింది.

కాప్రా రైతుబిడ్డ:
తప్పు మొక్కది కాదండీ, మురుగుది. డ్రైనేజీ చెరువుల్లో కలవడం ఆపితే గుర్రపుడెక్క దానంతటదే తగ్గుతుంది. పాపం, డాబా మీద పూలు పెంచుకునేవాళ్లను అంటే ఏం లాభం?

కలువల తొట్టి:
మురుగే దానికి ఎరువు, ఒప్పుకుంటాను అన్నా. అందుకే నాకు ఇంకా భయం. అంత బలమైన నీళ్లలో ఒక్క పిలక పడినా రెండు వారాల్లో రెట్టింపవుతుంది. గింజలు బురదలో పదిహేనేళ్లకు పైగా బతికుంటాయి. మురుగు ఆగేదాకా మనం కొత్త మొక్కలు పంపకుండా ఉండలేమా? అక్క నాగోలులోనే ఉంటారు, మూసీలో ఈ మొక్కల మధ్య పెరిగి సాయంత్రం ముసిరే దోమల గురించి నేను చెప్పాలా?

నాగోలు మిద్దెతోట:
గొట్టానికి జాలీ ఈరోజే పెట్టిస్తాను. మొక్క తీయడానికి మాత్రం మనసు రావట్లేదు, ఇంకా మూడు కాడలు మొగ్గ మీదున్నాయి.

కలువల తొట్టి:
ఆ మూడూ పూయనివ్వండి అక్కా. వాడిన రోజే కాడ తుంచేయండి, అది వంగి నీళ్లలో గింజ రాల్చకముందే. తర్వాత మొక్కలు తీసి డాబా మీదే కరకరలాడేదాకా ఎండబెట్టండి, నాలాలో మాత్రం వేయకండి. తొట్టి ఖాళీ అయ్యాక చెప్పండి, మా దగ్గర ఎర్రకలువ దుంపలున్నాయి.