కనుబొమలు పైకి, జుట్టు కిందికి: రెండు సర్జరీలూ ఒకేసారి చేయించుకున్నవాళ్లు ఉన్నారా?

నమస్తే అండి. మాది కావలి, నాకు 38 ఏళ్లు. మొదటి నుంచీ నుదురు పెద్దది. మొన్న కుట్టుమిషన్ టేపు పెట్టి చూస్తే కనుబొమల నుంచి జుట్టు మొదలయ్యే దాకా 8 సెంటీమీటర్లు వచ్చింది. అమ్మమ్మ దాన్ని అదృష్టం అనేది. ఆ అదృష్టం కనపడకుండా 20 ఏళ్లుగా ముందుజుట్టు కత్తిరించి నుదుటి మీదికి పడేసుకుంటున్నాను. ఇప్పుడు కనుబొమలు కూడా జారాయి. పొద్దున పెట్టిన కాటుక మధ్యాహ్నానికే పైరెప్ప మడతలో నల్లగా అంటుకుంటోంది.

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్లి ఒక సర్జన్‌కి చూపించుకున్నాను. ఎండోస్కోపీతో, అంటే జుట్టులో చిన్న కోతలు పెట్టి కెమెరా గొట్టంతో, కనుబొమలు ఎత్తితే జుట్టు ఇంకాస్త వెనక్కి పోతుందట. అందుకని జుట్టు అంచు వెంబడే కోసి, నుదుటి చర్మం కొంత తీసేసి, తల చర్మాన్ని ముందుకు జరిపి, అదే కోతలోంచి కనుబొమలు కూడా ఎత్తుతామన్నారు. వినడానికి బాగుంది. కానీ ఒకటి పైకి, ఒకటి కిందికి లాగితే కుట్టు మీద ఒత్తిడి పడి మచ్చ వెడల్పు కాదా? ఎముకకి బిగిస్తామన్నారు, నాకు సరిగా అర్థం కాలేదు.

చేయించుకున్నవాళ్లు చెప్పండి. నడినెత్తిన తిమ్మిరి ఎన్ని నెలలుంది? కుట్టు దగ్గర రాలిన జుట్టు మళ్లీ వచ్చిందా? నున్నగా వెనక్కి దువ్వి జడేసుకుంటే మచ్చ కనిపిస్తోందా? నాకు అదే ముఖ్యం. లేక ముందు కనుబొమలు మాత్రం చేయించుకుని, తర్వాత జుట్టు నాటించుకోవడం నయమా? మా వారు మాత్రం "బొట్టు కాస్త పెద్దది పెట్టుకో, సరిపోతుంది" అంటున్నారు.