ఐస్‌క్రీంకి స్టీలు కాని చెంచా ఏది మంచిది?

స్టీలు చెంచా నోట్లో పెట్టగానే పళ్లు జివ్వుమంటున్నాయి, నాలుక మీద ఇనుము రుచి. పుచ్చు పళ్లు లేవు, చల్లటి నీళ్లతో ఇబ్బంది లేదు. కోన్‌లో తింటే హాయిగా ఉంటుంది, కాబట్టి తంటా అంతా చెంచాతోనే.

వెండి చెంచా ఇంకా ఘోరం, చల్లదనాన్ని స్టీలు కన్నా త్వరగా లాగేస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో ముంచితే మొదటి రెండు ముద్దలకే పని చేసింది. కప్పుతో వచ్చే చెక్కపుల్ల గరుకు, పెదవికి తగిలితే ఒళ్లు జలదరిస్తుంది. పల్చటి ప్లాస్టిక్‌ది మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్ నుంచి అప్పుడే తీసిన డబ్బాలో విరిగింది. పది నిమిషాలు బయట ఉంచితే దిగుతుంది గానీ అంచులు కరిగిపోతాయి. కొబ్బరిచిప్ప చెంచా నున్నగానే ఉంది, అంచు మరీ మందం.

అంచు పల్చగా, నున్నగా ఉండి, గట్టి ఐస్‌క్రీంలో విరగని చెంచా ఏ పదార్థంతో చేసింది వాడుతున్నారు?