800 ర్యామ్ వేస్తే 333 అని చూపిస్తోంది. ప్రాసెసర్ బస్ 1333. తప్పు ఎక్కడ?

పాత_పీసీ:
మూడు గంటలుగా దీంతోనే కూర్చున్నాను. ప్రాసెసర్ కోర్ 2 డ్యూయో ఈ8400, బస్ (ప్రాసెసర్‌కి డేటా వెళ్ళే దారి) 1333. వేగం పెరుగుతుందని డీడీఆర్2 800 ర్యామ్ తెచ్చి వేశాను. పీసీ వివరాలు చూపే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో చూస్తే 333 అంటోంది. బయోస్‌లో (పీసీ లేచేటప్పుడు వచ్చే సెట్టింగ్స్‌లో) 800 అని పెట్టి సేవ్ చేస్తే తెర నల్లగా ఉండిపోయింది, బోర్డు మీది బ్యాటరీ తీసి మళ్ళీ పెడితే గానీ లేవలేదు. రెండుసార్లు ఇదే. ర్యామ్ నకిలీదా? అసలు 1333 బస్‌కి 1333 ర్యామే ఉండాలా? టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

స్క్రూడ్రైవర్:
బోర్డు ఏది? ర్యామ్ స్టిక్‌లు ఎన్ని?

నాలుగో_పిన్ను:
1333 అసలు క్లాక్ (సెకనుకి ఎన్ని మిలియన్ల టిక్కులో) కాదండీ. క్లాక్ 333. ఒక్కో క్లాక్‌కి నాలుగుసార్లు డేటా వెళ్తుంది కాబట్టి 1333 అని రాస్తారు. ఆ 333నే 9తో హెచ్చిస్తే మీ ప్రాసెసర్ 3 గిగాహెర్ట్జ్. డీడీఆర్ ర్యామ్‌లో క్లాక్‌కి రెండుసార్లే. అంటే 333 కనబడితే ర్యామ్ 667 మీద నడుస్తున్నట్టు. 800 మీద నడిస్తే 400 కనబడాలి. నకిలీ అని ఇప్పుడే అనుకోకండి.

క్లాక్_పిచ్చి:
800 "మెగాహెర్ట్జ్" అనడం దగ్గరే గందరగోళం మొదలవుతుంది. హెర్ట్జ్ క్లాక్‌కి మాత్రమే. 800 అనేది సెకనుకి ఎన్ని మిలియన్ల ట్రాన్స్‌ఫర్లో చెప్పే లెక్క. ఈ తేడా తెలిసి ఉంటే ఈ మూడు గంటలూ మిగిలేవి.

నాలుగో_పిన్ను:
డబ్బా మీద అలా రాసి అమ్మితే కొన్నవాళ్ళు ఏం చేస్తారండీ? ఆయన అడిగింది పేరు గురించి కాదు.

క్లాక్_పిచ్చి:
పేరు తప్పయితే లెక్కా తప్పుతుంది. అందుకే చెప్పాను.

రాత్రి_బూట్:
ర్యామ్ వోల్టేజ్ 2.1కి పెంచి చూడండి, 800 ఎక్కుతుంది.

స్క్రూడ్రైవర్:
వద్దు. డీడీఆర్2కి ప్రమాణం 1.8. స్టికర్ మీద రాసి లేకుండా పెంచకండి. స్టిక్‌లు ఎన్నో ఇంకా చెప్పలేదు.

పాత_పీసీ:
రెండండీ. కొత్తది 2 జీబీ, ముందు నుంచీ ఉన్న 2 జీబీ స్టిక్ కూడా అలాగే ఉంది. దాని మీద పీసీ2-5300 అని ఉంది. అది బాగానే పనిచేస్తోంది కాబట్టి చెప్పలేదు.

స్క్రూడ్రైవర్:
5300 అంటే 667. అదే కారణం. కొత్తది ఒక్కటే వేసి చూడండి.

నాలుగో_పిన్ను:
అవును. ప్రతి స్టిక్ తన వేగం ఎంతో ఒక చిన్న చిప్‌లో రాసుకుని ఉంటుంది. బయోస్ రెండూ చదివి, నెమ్మదిగా ఉన్నదాని వేగమే రెండిటికీ పెడుతుంది. మీరు బలవంతంగా 800 పెట్టినప్పుడు పాత స్టిక్ తట్టుకోలేక బూట్ ఆగిపోయి ఉంటుంది.

ఇంకో మాట. 667 మీద నడవడం నష్టమని అనుకోకండి. బస్ వెడల్పు 64 బిట్లు, అంటే 8 బైట్లు. 1333ని 8తో హెచ్చిస్తే సెకనుకి సుమారు 10.6 జీబీ. 667 స్టిక్‌లు రెండు డ్యూయల్ ఛానెల్‌లో, అంటే రెండు వేర్వేరు దారుల్లో ఒకేసారి డేటా పంపేలా ఉంటే 667, 8, 2 హెచ్చిస్తే అదే 10.6. క్లాకులు కూడా 333కి 333, ఒకటికి ఒకటి. ఇంతకంటే బాగా కుదిరే జోడీ మీ ప్రాసెసర్‌కి లేదు. రెండూ 800 అయినా మొత్తం 12.8కి వెళ్తుంది గానీ, ప్రాసెసర్‌కి చేరే దారి 10.6 దగ్గరే ఆగుతుంది. అదే కొత్త స్టిక్ ఒక్కటే ఉంచితే 6.4కి పడిపోతారు. పరీక్ష కోసం పాతది తీయండి, తర్వాత మళ్ళీ పెట్టేయండి.

క్లాక్_పిచ్చి:
ఆలస్యం సంగతి వదిలేశారు. సీఎల్5 అంటే అడిగిన డేటా మొదలవడానికి 5 క్లాకులు ఆగడం. 667లో అది 15 నానోసెకన్లు, 800లో 12.5. దారి నిండినా ఈ లాభం ఉంటుంది.

నాలుగో_పిన్ను:
నిజమే, కాదనను. కానీ రోజువారీ పనిలో రెండో ఛానెల్ పోవడమే ఎక్కువ బాధ.

రాత్రి_బూట్:
ఇప్పుడు ఈ బస్‌లే లేవు కదా. 2008లో వచ్చిన మొదటి కోర్ ఐ7తోనే ఇంటెల్ ర్యామ్‌ని నడిపే మెమరీ కంట్రోలర్‌ని ప్రాసెసర్ లోపలికి తెచ్చింది, ఏఎండీ అథ్లాన్ 64తో 2003లోనే. బోర్డు మార్చేయడం మేలు.

స్క్రూడ్రైవర్:
ఆయన బోర్డు మార్చాలా అని అడగలేదు.

పాత_పీసీ:
పాతది తీశాను. 400 వచ్చింది! ర్యామ్ మంచిదే. మళ్ళీ రెండూ పెడితే 333, కానీ ఛానెల్స్ దగ్గర సింగిల్ అని ఉంది. నాలుగు స్లాట్లు ఉన్నాయి, రెండూ పక్కపక్కనే పెట్టాను.

స్క్రూడ్రైవర్:
ఒక స్టిక్‌ని వేరే ఛానెల్ స్లాట్‌లోకి మార్చండి. ఎక్కువ బోర్డుల్లో ఒకే రంగు స్లాట్లు జత. బోర్డు మాన్యువల్ చూడండి. బోర్డు ఏదో ఇంకా చెప్పలేదు.

పాత_పీసీ:
రేపు మారుస్తాను. థాంక్సండీ అందరికీ.