‘లేనట్టే’ అని ఉండాలా, ‘లేదనే’ అని ఉండాలా?

ప్రశ్న:
గణాంక సాఫ్ట్‌వేర్‌లోని డేటాను రిలేషనల్ డేటాబేస్ పట్టికలలోకి ఎక్కించేవారి కోసం ఎవరో తెలుగులో రాసిపెట్టిన సూచనలలోని ఒక వాక్యం సగమే గుర్తుండి వేధిస్తోంది. ‘లేనిది లేనట్టే ఎక్కించవలెను, సున్న చేయరాదు’ అని చదివిన జ్ఞాపకం. అయితే అక్కడ ‘లేదనే’ అని ఉన్నదేమోనన్న అనుమానం కూడా వదలడం లేదు. సరైన పాఠం ఏదో పెద్దలు చెప్పగలరు.

స్పందన 1:
‘లేనట్టే’ సరైన పాఠమండి. శాస్ (SAS) అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో విలువ లేని సంఖ్యాగడిలో చుక్క కనిపిస్తుంది. అది పట్టికలోకి నల్‌గా, అంటే విలువ ఏదీ లేని గడికి డేటాబేస్ పెట్టే గుర్తుగా, దిగాలే తప్ప సున్నగా దిగకూడదు. ‘లేదనే’ అంటే ఎవరో నోరు విప్పి లేదని చెప్పినట్టు అవుతుంది. నల్ ఏమీ చెప్పదు.

స్పందన 2:
ఆ తీర్పు తొందరపాటుదని నా మనవి. ఎస్‌పీఎస్‌ఎస్ అనే మరో గణాంక సాఫ్ట్‌వేర్‌లో గడి నిజంగానే ఖాళీగా ఉండటం ఒకటి, 99 వంటి అంకెను వేసి దానిని ‘జవాబివ్వలేదు’ అన్న గుర్తుగా ప్రకటించడం మరొకటి. రెండవది మౌనం కాదు, లేదన్న మాటే. ఆ 99ను నల్ చేస్తే జవాబివ్వనివారూ అసలు ప్రశ్న అడగనివారూ ఒకే రాశిలో కలిసిపోతారు. పోనీ ఉన్నది ఉన్నట్టుగా దింపుదామంటే, ఆ ప్రకటన అంకె వెంట పట్టికలోకి రాదు కనుక, వయసుల సగటులోకి తొంభైతొమ్మిదేళ్ల వృద్ధులు ఎందరో చొరబడతారు. విలువకు ఒక నిలువు వరుస, లేకపోవడానికి గల కారణానికి మరొక వరుస పెట్టడమే దారి. వాక్యం రాసినవారికి ఇది తెలిసే ఉంటుంది కనుక ‘లేదనే’ అనే రాసి ఉంటారు.

స్పందన 3:
ఎస్‌పీఎస్‌ఎస్ దాకా ఎందుకండి? శాస్‌లోనే సంఖ్యల లేమికి 28 గుర్తులున్నాయి: వట్టి చుక్క, అండర్‌స్కోర్ చేర్చిన చుక్క, ఇంగ్లీషు అక్షరాలు తగిలించిన 26 చుక్కలు. అటువంటిదే అయిన స్టాటాలో 27. ఇవన్నీ డేటాబేస్‌ల భాష అయిన ఎస్‌క్యూఎల్‌లోని ఒకే ఒక్క నల్‌లో ఇమడాలి. డేటాను పట్టికలుగా చూసే రిలేషనల్ నమూనాకు ఆద్యుడైన కాడ్ సైతం 1990 నాటికి, వర్తించినా తెలియనిదానికి ఒకటి, అసలు వర్తించనిదానికి ఒకటి, రెండు గుర్తులుండాలన్నాడు.

స్పందన 4:
అందరూ ఏకారాన్ని పట్టుకొని ‘అట్టు’ను వదిలేశారు. ‘లేనట్టు’ అన్నది లేమిని చెప్పదు, లేమిని పోలినదానిని చెబుతుంది. ఉండి కూడా లేనట్టు నటించడం అంటాము కదా. శాస్‌లోని చుక్క చేసేది సరిగ్గా ఆ నటనే. పోల్చినప్పుడు అది అన్ని సంఖ్యలకన్నా చిన్నదిగా నిలబడుతుంది కనుక, వయసు 30కి లోపువారిని ఏరితే వయసు తెలియనివారు కూడా వచ్చి కూర్చుంటారు. స్టాటా చుక్క అన్నిటికన్నా పెద్దది కనుక, 30కి పైబడినవారిలో చేరుతుంది. నల్ మాత్రం ఏ వైపూ చేరదు. పోలిక ఫలితం నిజమూ కాదు, అబద్ధమూ కాదు. గజేంద్రుని మనసులోని కలడో లేడో అన్న ఊగిసలాట అది. ఆ పద్యంలో కవి సందేహాన్ని సందేహంగానే నిలిపిన తీరును మన డేటాబేస్‌వారు చదివి తీరాలి.

ప్రశ్నించినవారు:
పద్యం బాగున్నది కాని, పాఠం తేలలేదు.

స్పందన 1:
గజేంద్రుడికి చివరకు జవాబు దొరికింది, నల్‌కు దొరకదు. ఆ పోలిక నిలవదు. పాఠం మాటకు వస్తే, నా పక్షానికి సాక్ష్యం విలువలను కామాలతో విడదీసి రాసే సీఎస్‌వీ దస్త్రంలోనే ఉన్నది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో అటువంటి దస్త్రాన్ని పట్టికలోకి ఎక్కించే కాపీ ఆదేశం, వేరే చెప్పకపోతే, రెండు కామాల నడుమ ఏమీ లేకుంటే నల్ అనుకుంటుంది. అక్కడే ఖాళీ కొటేషన్ల జంట ఉంటే ఖాళీ అక్షరమాల, అంటే ఒక్క అక్షరమూ లేని మాట, అనుకుంటుంది. మొదటిది ‘లేనట్టే’, రెండవది ‘లేదనే’.

స్పందన 2:
ఒరాకిల్ డేటాబేస్ ఆ ఖాళీ అక్షరమాలను కూడా నల్‌గానే చూస్తుంది. అక్కడ మీ పాఠభేదం ఏమవుతుందో సెలవియ్యండి.