మా ఊళ్లో ఇద్దరు పిల్లలకు రక్త క్యాన్సర్: తిండి సరిగా లేకనేనా?

ప్రశ్న (ఆశా వర్కర్, నల్గొండ జిల్లా):
మా కాలనీలో ఒక బాబుకీ ఒక పాపకీ రక్త క్యాన్సర్ అని తేలింది. ఇద్దరివీ కూలి కుటుంబాలే. తిండి సరిగా పెట్టకే వచ్చిందని ఊళ్లో అంటున్నారు. బాబు తల్లి తనదే తప్పని ఒకటే ఏడుపు. ఆమెకు ఏం చెప్పాలి?

జవాబు (రిటైర్డ్ నర్సు, పిల్లల క్యాన్సర్ వార్డు):
అమ్మా, ఆ తల్లి తప్పు ఏమీ లేదని ముందు గట్టిగా చెప్పు. ఇది ఉన్నవాళ్లకీ వస్తుంది, లేనివాళ్లకీ వస్తుంది. తేడా అంతా జబ్బు వచ్చాకే. డబ్బున్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా బతుకుతుంటే, పేద, మధ్యస్థ ఆదాయ దేశాల్లో చాలాచోట్ల 30 శాతం కూడా దాటడం లేదని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతోంది.

మా వార్డుకొచ్చే పిల్లల్లో చాలామందిది ఒకటే దారి. జ్వరం తగ్గడం లేదని ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్, తర్వాత రక్తం పట్టే టానిక్, ఆపైన ఎవరో చెప్పిన పసరు మందు. చిగుళ్ల నుంచి రక్తం కారితే గానీ సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయించరు. తిండి లేక ఈ జబ్బు రాదు గానీ, తిండి లేని పిల్లలు కీమోకి (క్యాన్సర్ మందులతో చేసే వైద్యానికి) తట్టుకోలేరు, ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ. ఇంకో మాట: ఈ జబ్బు మగపిల్లల్లో కాస్త ఎక్కువే గానీ, వార్డులో మగపిల్లలే అంత ఎక్కువగా కనిపించడానికి అదొక్కటే కారణం కాదు. కొందరు ఆడపిల్లల్ని ఆసుపత్రి దాకా తీసుకురానే రారు. అది తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

జవాబు (ఆటో డ్రైవర్, ఖమ్మం):
మా వాడికీ ఇదే జబ్బు, మందులు ఆరోగ్యశ్రీలో వచ్చాయి. గది అద్దె, బస్సు చార్జీలు, పోయిన కిరాయిలు మాత్రం మన నెత్తినే. అసలు టెన్షన్ జుట్టు మళ్లీ మొలిచాక మొదలైంది. వాడు గల్లీలో క్రికెట్ ఆడుతుంటే, "బాగైపోయాడు కదరా, ఇంకా మాత్రలెందుకు?" అని మా నాన్న రోజూ గొడవ. వైద్యం రెండు మూడేళ్లు నడుస్తుంది, మధ్యలో ఆపితే తిరగబెడుతుందని డాక్టరమ్మ ఆయన్నే కూర్చోబెట్టి చెప్పింది. మా పక్క మంచం వాళ్లు కూలికి వలసపోయి మళ్లీ రాలేదు. హైదరాబాద్‌లో సెయింట్ జూడ్ వాళ్ల దగ్గర ఉచిత బస ఉంటుంది, ఆసుపత్రి సోషల్ వర్కర్‌ని అడగమని చెప్పక్కా.

ప్రశ్న అడిగినవారు:
చెప్తాను తమ్ముడూ. పాప వాళ్లు పత్తి తీతలు అయ్యాక పోతాం అంటున్నారు.

నర్సు:
తీతల దాకా వద్దు, రేపే పంపించు. కీమో మొదలయ్యాక జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి ఊరుకోవద్దని కూడా చెప్పు. అర్ధరాత్రయినా ఆసుపత్రికే పోవాలి.