పాత మాస్సీ ట్రాక్టర్‌కి కొత్త స్లీవులు సుత్తితో దించొచ్చా? చెన్నైలో చేయించినోళ్ళు చెప్పండి

సూళ్ళూరుపేటోడు:
మా నాన్న పాత మాస్సీ, 3.152 పెర్కిన్స్ ఇంజన్. ఏడాదిగా ఆయిల్ తాగేస్తోంది, పొద్దున స్టార్ట్ చేస్తే ఆ నీలం పొగకి కొట్టంలో గేదెలు తల తిప్పుకుంటున్నాయి. బ్లాక్ విప్పి అంబత్తూరు తెచ్చా, పాత స్లీవులు (పిస్టన్ ఆడే ఇనప గొట్టాలు) తీయించా, కొత్తవి పుదుపేటలో కొన్నా. అంబత్తూరు షాపాయన చెక్క పెట్టి సుత్తితో దించేస్తా, గంట పని అంటున్నాడు. కొట్టించేయమంటారా?

రెడ్‌హిల్స్ రైతు:
వద్దు బ్రో, నేను కొట్టించి అనుభవించా. సగం దాకా బానే దిగింది, తర్వాత కొంచెం వంకరపోయి పట్టేసింది, ఆయన ఇంకో రెండు దెబ్బలేసేసరికి టంగుమనే సౌండ్ కాస్తా డబ్బుమని వచ్చింది, చూస్తే కాలర్ (స్లీవ్ పై అంచు) కింద వెంట్రుకంత పగులు. పైగా సరుకే మంచిది కాదని నామీదే తోశాడు.

గిండీ లేత్ బాబాయ్:
సుత్తి సంగతి తర్వాత నాయనా, ముందు డబ్బా చూడు, ఫినిషా సెమీ ఫినిషా? సెమీ అయితే ప్రెస్‌తో నొక్కి దించాక బోరింగ్ (లోపల కొలతకి కోయడం), హోనింగ్ (సన్నగా రుద్దడం) చేయాల్సిందే. ఇంకోటి, ఇది డ్రై స్లీవ్, నీళ్ళు దానికి తగలవు, వేడంతా బ్లాక్ గోడలోంచే పోవాలి. మధ్యలో మసి, తుప్పు మిగిలితే అక్కడ వేడి ఆగి పిస్టన్ పట్టేస్తుంది. కాలర్ కూర్చునే గాడిని గోరుతో గీకి చూడు. చిన్న కార్బన్ ముక్కున్నా ఒక పక్క లేచి, హెడ్డు (ఇంజన్ పై మూత) బిగించగానే పగులుద్ది.

వేళచ్చేరి వాసి:
నేను డ్రై ఐస్‌లో (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) పెట్టి దించా. అది మైనస్ 78 డిగ్రీలు, 91 మిల్లీమీటర్ల స్లీవ్ దాదాపు 0.1 మిల్లీమీటరు ముడుచుకుంటుంది. ఇంట్లో ఫ్రీజర్ మైనస్ 18 కాబట్టి అందులో సగం కూడా రాదు (ఐస్‌క్రీమ్ పక్కన స్లీవ్ చూసి మా ఆవిడ రెండ్రోజులు మాట్లాడలేదు). మన చెన్నై ఉక్కకి బయటికి తీయగానే మంచు పట్టేస్తుంది, తుడిచి టకామని దించేయాలి, సగంలో ఆగిందా అంతే సంగతులు. తలుపులు తెరిచే ఉంచండి, డ్రై ఐస్ గ్యాస్ గదిలో నిండితే ఊపిరాడదు.

సూళ్ళూరుపేటోడు:
డబ్బా మీద సెమీ ఫినిష్ అనే ఉంది బాబాయ్, ఆ షాపాయన బోరింగ్ మాటే ఎత్తలేదు! బ్లాక్ ఎత్తుకొచ్చి వేరేచోట ప్రెస్ మీద దింపించా. గాడిలో నిజంగానే నల్లగా పెచ్చు దొరికింది. పిస్టన్లు కూడా పట్రా, ఒక్కోదాన్ని కొలిచి దానికి తగ్గట్టు బోర్ చేస్తా అన్నాడు ఈయన. అవేమో నాన్న కొని ఊళ్ళో బీరువాలో దాచాడు, రాత్రి ట్రైన్‌కి పోతున్నా.