40 గ్యాలన్ల ట్యాంకులో ముందుగా ఏ కోరల్స్ (పగడపు జీవులు) పెట్టమంటారు?

నమస్కారమండీ. మేముండేది డాలస్‌లో. ఉప్పునీటి ట్యాంకు పెట్టి ఎనిమిది నెలలైంది. ఉప్పునీటి సాంద్రత 1.025, వేడి 78 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర నిలకడగా ఉన్నాయి. రెండు క్లౌన్ చేపలున్నాయి.

జోయాంథిడ్స్ అనే కోరల్స్ రంగులు చూస్తే వదలబుద్ధి కావట్లేదు గానీ, వాటిలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుందని తెలిసినప్పటి నుంచీ భయం. మా ఆరేళ్ల పాప చటుక్కున నీళ్లలో చెయ్యి పెట్టేస్తుంది. గ్రీన్ స్టార్ పాలిప్స్ అనే కోరల్స్ పెంచడం తేలికే, కానీ రాయంతా పాకేస్తాయి.

అసలు నా మనసంతా హ్యామర్ కోరల్ మీదే. మొన్న షాపులో దాని ఆకుపచ్చ కొసలు నీటి వాలుకు ఊగుతుంటే అలాగే నిలబడిపోయాను. రాత్రిపూట పొడవాటి తీగలు చాచి పక్కవాటిని కుడుతుందట కదా, ఎంత ఎడం వదలాలి? ముందు మష్రూమ్ కోరల్స్ పెట్టి, ఆల్కలినిటీ (నీటి క్షారత) కుదురుకున్నాక దాన్ని తేవడం మంచిదా? పెంచినవాళ్లు చెప్పండి. ప్రాణమున్నదాన్ని తెచ్చి చంపుకోలేను.